ప్లీడరు గారి అంబాసిడర్, దాని ఆయిల్ లీకు

అంబాసిడర్ ఉన్న ఇళ్ళలో ఒక మాట వినిపిస్తూ ఉండేది. కింద ఆయిల్ చుక్క పడుతున్నంతకాలం ఫర్వాలేదు, పడటం మానేసిన రోజున భయపడాలి, లోపల ఆయిల్ నిండుకుందన్నమాట అని. మా నాన్న చాలాకాలం ఈ మాట మీదే బండి నడిపారు. తెనాలిలో ప్లీడరు ఆయన. ఎదుటి పక్షం సాక్షి ఎక్కడ తడబడ్డాడో ఇట్టే పట్టేసే మనిషి, తన కారు కింద రోజూ పడే చుక్క ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోవడానికి మాత్రం తీరిక చేసుకోలేదు. "కారన్నాక కారదా అండీ" అని జోకు వెయ్యని గుమాస్తా కోర్టులో లేడు. ఆయనా నవ్వేసేవారు.

బండి మార్క్ 3. తెల్ల రంగు, ముందు పొడుగాటి ఒకే సీటు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. 1970ల చివర్లో తయారైంది. నాన్న దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు, అదీ మారుతి పుణ్యమా అని. అంతకుముందు కొత్త కారు కావాలంటే బుక్ చేసి ఏళ్ళ తరబడి కూర్చోవాలి, పాత బండ్లకి కూడా గిరాకీ తగ్గేది కాదు. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కాక గాలి మారింది. దానికి బుక్ చేసుకున్న ఒక పొగాకు వ్యాపారి తన అంబాసిడర్‌ని వదిలించుకుంటున్నాడని తెలిసి నాన్న వెళ్ళి బేరం చేసుకొచ్చారు. ఆయిల్ చుక్క కూడా ఆ బేరంలో వచ్చిందే.

నాన్నకి పట్టకపోయినా నాయనమ్మకి పట్టింది. వాకిట్లో గచ్చు మీద, సరిగ్గా ఆవిడ ముగ్గు పెట్టే చోటే బండి నిలబెట్టేవాళ్ళం. ఆయిల్ పడిన చోట ఎంత కడిగినా నల్లటి మచ్చ పోదు, దాని మీద ముగ్గుపిండి వేస్తే గంటలో పసుపుపచ్చగా తడిసి ముద్దవుతుంది. ధనుర్మాసం వచ్చేసరికి ఆవిడ ఓపిక నశించింది. "ఒరేయ్ అబ్బాయ్, పండక్కి ఆ మోటారన్నా నా వాకిట్లో ఉండాలి, నేనన్నా ఉండాలి" అని తేల్చి చెప్పేసింది. నాన్న ఏ జడ్జికీ అంత భయపడి ఉండరు.

అప్పటికే తలా ఒక మాట చెప్పి ఉన్నారు. మా డ్రైవరు, ఛాంబర్ ప్యాకింగ్, అంటే ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టికి అతుకు దగ్గర వేసే పట్టీ, పోయిందన్నాడు. మేం మామూలుగా పెట్రోలు పోయించుకునే బంకులో కుర్రాడు వంగి చూసి వెనక సీలు, ఇంజను వెనక చివర ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు, పోయిందన్నాడు. ఊళ్ళో ఒక పేరున్న గ్యారేజీ వాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి, ఇంజను దించాలి, దించాక ఎలాగూ అరిగిన సిలిండర్లని తొలిపించి బోరు చేయించాలి, వెనక సీలు మార్చాలి అని ఒక అంకె చెప్పారు. నాన్న ఆ అంకె విని ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగారు. ఆ ఇంజనుకి వెనక రబ్బరు సీలు అసలు లేనే లేదని నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. లేని సీలు మార్చడానికి ఎంత తీసుకునేవాళ్ళో!

అప్పుడు ఎవరో మేస్త్రీగారి సంగతి చెప్పారు. బెజవాడ ఆటోనగర్లో చాలాకాలం పనిచేసి, కళ్ళు మందగించాక సొంతూరు తెనాలి వచ్చేసి, కాలవ ఒడ్డున రేకుల షెడ్డు వేసుకున్న మనిషి. అందరూ మేస్త్రీగారనే అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. ఆదివారం పొద్దున్నే సైకిల్ మీద వచ్చారు. వెనక క్యారియర్‌కి ఒక గోనెసంచి కట్టుంది. అందులో పానాలన్నీ అంగుళాల లెక్కవి. అంబాసిడర్‌కి అవే కావాలి. అరంగుళం బోల్టుకి పదమూడు మిల్లీమీటర్ల పానా తొడిగితే దొరికినట్టే ఉంటుంది గానీ రవ్వంత వదులు, గట్టిగా తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. అలా అరిగిన తలలు మా బండికి అప్పటికే కొన్ని ఉన్నాయి. వాటిని చూసి ఆయన నాలిక చప్పరించారు.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకిప్పటికీ గుర్తే. ఎంత కారుతోంది అని అడగలేదు. "నెలకి ఎంత ఆయిల్ పోస్తున్నారు ప్లీడరు గారూ?" అన్నారు.

"మహా అయితే అర లీటరు" అన్నారు నాన్న.

"మరి ఇంజను దించడం దేనికండీ? వెనక నీలం పొగ లేదు. లాగుడు బాగుంది. బోరు మాటెత్తినవాడు మీ జేబు చూసి ఎత్తుంటాడు."

తర్వాత గచ్చు మీది చుక్కని వేలితో తీసి బొటనవేలికి రాసి చూశారు, వాసన చూశారు. నన్నూ చూడమన్నారు. బండి కింద పడిన తడి అంతా ఒకటి కాదని నాకు తెలిసింది అప్పుడే. ఇంజనాయిల్ నల్లగా, కాస్త కాలిన వాసనతో ఉంటుంది. వెనక యాక్సిల్లో పోసే గేరాయిల్ జిగటగా, గంధకం కంపు కొడుతుంది. ఒకసారి చేతికంటితే సబ్బుకి కూడా లొంగదు. బ్రేకాయిల్ పల్చగా ఉండి నీళ్ళతో కడిగితే పోతుంది, పెయింటు మీద పడితే మాత్రం పెయింటుని తినేస్తుంది. చుక్క బ్రేకాయిలైతే బండి బయటికి తియ్యకూడదు. మాది ఇంజనాయిలే.

ఇక బండి కిందకి దూరతారనుకున్నాను. దూరలేదు. ఒక పెద్ద అట్ట తెమ్మన్నారు. ఫ్రిజ్ కొన్నప్పటి అట్టపెట్టె అటక మీద ఉంటే చింపి తెచ్చాను. దాన్ని ఇంజను కింద పరిపించి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో బొగ్గుతో గీత గీయించి, "రేపు పొద్దున దాకా బండి కదపకండి" అని వెళ్ళిపోయారు. ఆయన టీ కూడా తాగలేదు. నాన్నకి నచ్చలేదు, వచ్చి అట్ట పరిచి వెళ్ళేవాణ్ణి మెకానిక్కు అంటారా అన్నారు.

మర్నాడు అట్ట మీద చుక్కలు చూస్తే అసలు విషయం కొంత కనబడింది. పెద్ద మచ్చ ఇంజనుకీ గేరు బాక్సుకీ మధ్య, క్లచ్ హౌసింగ్ కింద ఉంది. అక్కడ ఒక చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. లోపలికి ఆయిల్ వస్తే క్లచ్ ప్లేటు మీదికి పోకుండా కిందకి జారిపోవడానికి పెట్టిన ఏర్పాటు అది. పిన్ను అదురుతూ ఉంటుంది కాబట్టి రంధ్రం మడ్డి పట్టి మూసుకుపోదు. అందరూ ఆ పిన్ను కొసని చూసే వెనక సీలు అని తేల్చేశారు. కానీ అట్ట మీద అదొక్కటే లేదు. ముందు వైపుగా, ఎడమ పక్కన చిన్న చిన్న చుక్కలు వరసగా ఉన్నాయి.

"చుక్క పడ్డచోటు చూస్తే ఏం తెలీదు బాబూ. తడి మొదలైన చోటు చూడాలి" అన్నారు మేస్త్రీగారు. "ఆయిల్ పైనుంచి కిందకి దిగుతుంది. బండి పోతుంటే గాలికి ముందునుంచి వెనక్కి పాకుతుంది. అందుకని అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడుందో అక్కడ మొదలెట్టాలి."

ఇంజను మీద అప్పటికి ఏళ్ళ తరబడి దుమ్మూ ఆయిలూ కలిసి గట్టిపడిన మడ్డి ఉంది. దాని మీద తడి ఎక్కడ మొదలైందో దేవుడికి కూడా తెలీదు. ముందు కడగాలి. కడగడానికి కిరసనాయిలు కావాలి. ఇంట్లో ఉన్నది రేషన్ నీలం కిరసనాయిలు, అమ్మ స్టవ్వు కోసం దాచుకున్నది. గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో తెలియని రోజులు కదా, ఆ డబ్బా ముట్టుకోనివ్వడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాన్న బయటి ధరకి తెప్పిస్తానని మాటిచ్చాక, మూత తీసి తనే కొలిచి పోసింది. డిస్ట్రిబ్యూటర్‌కీ డైనమోకీ పాలిథిన్ కవర్లు చుట్టి, కొబ్బరిపీచు, పాత టూత్ బ్రష్షు పెట్టి నేనూ డ్రైవరూ మధ్యాహ్నం దాకా రుద్దాం. మడ్డి పొరలు పొరలుగా ఊడింది. కింద బోల్టులు బయటపడ్డాయి, అన్నీ ఉన్నాయని అప్పుడే తెలిసింది. గుడ్డ పెట్టి తుడిచి ఎండలో ఆరబెట్టాం.

ఆ తర్వాత మేస్త్రీగారు అడిగింది పాండ్స్ పౌడర్ డబ్బా. ఈసారి అమ్మ ఏమీ అనలేదు, కుతూహలం కొద్దీ తనూ వచ్చి నిలబడింది. ఇంజను నెత్తిన ఉండే టాపెట్ కవర్ చుట్టూ, పక్క మూతల దగ్గర, ముందువైపు టైమింగ్ కవర్ దగ్గర, ఛాంబర్ అంచు పొడుగునా, దూదితో పౌడరు అద్దారు. మా అంబాసిడర్ ఇంజను అంత తెల్లగా ఫ్యాక్టరీలో కూడా ఉండి ఉండదు. బండి తీసి కాలవ గట్టు మీదుగా దుగ్గిరాల దాకా వెళ్ళొచ్చాం. ఇంజను బాగా కాగాలి, చల్లటి ఇంజను నిజం చెప్పదు అన్నది ఆయన మాట. దుగ్గిరాల యార్డు దగ్గర పసుపు వాసన, లోపల కాగిన ఇంజను మీద పౌడరు వాసన, రెండూ కలిసి వెనక సీట్లో నాకు తుమ్ములు ఆగలేదు.

తిరిగొచ్చి బానెట్ ఎత్తారు. నేను టార్చి పట్టుకున్నాను. తెల్లటి పౌడరు మీద తడి గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. టాపెట్ కవర్ వెనక మూల నుంచి ఒకటి బయల్దేరి, ఇంజను వెనక భాగం మీదుగా కిందకి దిగి, క్లచ్ హౌసింగ్ మీదికి పోయింది. పిన్ను కొసన వేలాడే చుక్కలో చాలావరకు ఇదే. రెండోది ఎడమ పక్కన, పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక దాక్కున్న పక్కమూత అంచు నుంచి. అట్ట మీద ముందువైపు కనబడిన చుక్కలు దానివి. టైమింగ్ కవర్ పొడిగా ఉంది. మా డ్రైవరు అనుమానించిన ఛాంబర్ ప్యాకింగ్ కూడా పొడిగానే ఉంది.

నాకు అక్కడితో అయిపోయిందనిపించింది. రెండు ప్యాకింగులు మారిస్తే సరి. మేస్త్రీగారు మాత్రం ఇంజను స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద అరచెయ్యి పెట్టారు. నన్నూ పెట్టమన్నారు. వేడి గాలి అరచేతిని పైకి నెట్టింది. తర్వాత పక్కమూత నుంచి కిందకి వేలాడే బ్రీదర్ గొట్టం కొస దగ్గర చెయ్యి పెట్టి చూపించారు. అక్కడ ఏమీ లేదు. రావలసిన చోట గాలి రావడం లేదు.

"ఇంజనుకి ముక్కు మూసుకుపోయింది ప్లీడరు గారూ. ప్యాకింగులు దాని తర్వాత సంగతి."

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా మండిన వాయువు కొంచెం వాటిని దాటి కిందకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోవడానికే బ్రీదర్. దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ ప్యాకింగు బలహీనంగా ఉందో అక్కడ ఆయిల్‌ని తోసుకుంటూ బయటికొస్తుంది. ఈ ఇంజనులో ఇంకో తిరకాసు కూడా ఉంది. క్రాంకు అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు. దాని వెనక చివర రబ్బరు సీలు బదులు ఒక మరగాడి, స్క్రూ మీద ఉండేలాంటి మెలి గాడి, కోసి ఉంటుంది. క్రాంకు తిరుగుతుంటే ఆ మర బయటికి పోబోయే ఆయిల్‌ని మళ్ళీ ఛాంబర్‌లోకి తిప్పి పంపుతుంది. సులువైన ఉపాయం, అరగడానికి రబ్బరు లేదు. అయితే లోపల ఒత్తిడి లేనప్పుడే పనిచేస్తుంది. బ్రీదర్ మూసుకుపోయిన ఇంజనులో మర ఎంత తిప్పి పంపినా ఒత్తిడి దాన్ని దాటించేస్తుంది. అంటే ఆ గ్యారేజీ వాళ్ళ మాట ప్రకారం ఇంజను దించి, బోరు చేయించి, అదే మూసుకుపోయిన గొట్టం మళ్ళీ బిగించి ఉంటే, ఆరు నెలల్లో అదే చుక్క అదే ముగ్గు మీద పడేది.

పెద్దయ్యాక ఈ ఇంజను పుట్టుపూర్వోత్తరాలు వెతికి చదివాను. అంబాసిడర్‌కి మూలం బ్రిటన్లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ దాన్ని 1958 నుంచి 2014 దాకా అంబాసిడర్ పేరుతో తయారుచేసింది. మా బండిలోని 1489 సీసీ పెట్రోలు ఇంజను బీఎంసీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, వాళ్ళ బీ సిరీస్. ఆ దేశంలో కుర్రాళ్ళు మురిసిపోయిన ఎంజీ కంపెనీ ఎంజీఏ స్పోర్ట్స్ కారులో కూడా మొదట ఇదే ఇంజను, ఇదే మరగాడి. వాళ్ళ గ్యారేజీల్లోనూ కింద అట్టలు పరిచే ఉంటాయి. తెనాలిలో పెళ్ళికొడుకుల్ని మోసిన బండికీ దానికీ అంత దగ్గర చుట్టరికం అని తెలిస్తే మా నాయనమ్మ ఏమనేదో.

మరుసటి ఆదివారం అసలు పని. పక్కమూతల్ని అందుకోవాలంటే కార్బొరేటర్, మానిఫోల్డ్ రెండూ విప్పాలి. వాటిని పట్టుకునే తుప్పు పట్టిన స్టడ్లు, తల లేని బోల్టులు, విరిగితే అది ఇంకో పురాణం. అందుకే మేస్త్రీగారు ముందు రోజు సాయంత్రమే వచ్చి నట్ల మీద కిరసనాయిలు పోసి వెళ్ళారు. పొద్దున ఒక్కొక్క నట్టునీ కొంచెం విప్పి, మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ విప్పి, అలా ఊరించి తీశారు. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అక్కడే కూర్చున్నారు. ఒక్క స్టడ్డూ విరగలేదు.

పక్కమూత తీసి చూస్తే కార్కు ప్యాకింగు పక్కనున్న ఎగ్జాస్ట్ వేడికి మాడి, గోటితో గీకితే పొడిగా రాలుతోంది. ఆ మూతని మా వరండాలోని కడపబండ మీద బోర్లించి పెట్టారు మేస్త్రీగారు. మూలలు ఆనాయి, మధ్యలో బోల్టు రంధ్రం దగ్గర రేకు లోపలికి వంగి ఉంది. లీకు కనబడినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ఒక్క బోల్టుని ఇంకాస్త బిగించారు. పల్చటి రేకు, ఒకే బోల్టు. బిగించిన కొద్దీ మధ్యలో వంగింది, అంచులు లేచాయి, లీకు పెరిగింది. పెరిగిందని మళ్ళీ బిగించారు. కారుతుంటే బిగించాలన్న తొందర మనందరిలో ఉంటుంది. ఆయిల్ లీకుల్లో సగం ఆ తొందర వల్లే ముదురుతాయని నా అభిప్రాయం.

ఆయన ఆ రేకుని చెక్కముక్క మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి తట్టి చదును చేశారు. ప్రతి నాలుగు దెబ్బలకీ మళ్ళీ కడపబండ మీద పెట్టి కింద నుంచి వెలుతురు వస్తోందా అని చూడటం. అదొక గంట. బ్రీదర్ గొట్టంలోంచి ఇనుప తీగ పెట్టి లాగితే నల్లటి పేస్టులాంటి మడ్డి, పొడుగ్గా, తెగకుండా వచ్చింది. కిరసనాయిల్లో నానబెట్టి, ఊది, అటు కొసన నా చెయ్యి పెట్టించి, గాలి తగిలిందని నేను చెప్పాకే పక్కన పెట్టారు. ఆయిల్ మూతని కూడా అలాగే కడిగారు.

కొత్త ప్యాకింగుల సెట్టు బెజవాడ నుంచి తెప్పించాం. విప్పి చూస్తే టాపెట్ కవర్ కార్కు కొలతకి కొంచెం చిన్నదిగా ఉంది. నాన్న షాపువాణ్ణి తిట్టడం మొదలెట్టారు. మేస్త్రీగారు నవ్వి, పళ్ళెంలో నీళ్ళు తెప్పించి అందులో వేశారు. షాపులో ఎండి ముడుచుకున్న కార్కు నీళ్ళు తాగి మళ్ళీ సాగింది. తడి ఆరాక చూస్తే సరిగ్గా సరిపోయింది. నాకు అది గారడీలా అనిపించింది.

తర్వాత షెల్లాక్, ప్యాకింగు అంటించే లక్క జిగురు. కార్కుకి పూసేముందు కవర్ అంచుని పెట్రోలు గుడ్డతో తళతళలాడేదాకా తుడిచారు. షెల్లాక్ కవర్ వైపు మాత్రమే పల్చగా పూశారు, ఇంజను వైపు పొడిగా వదిలేశారు. మళ్ళీ ఎప్పుడైనా టాపెట్లు సెట్ చెయ్యడానికి కవర్ తీయాల్సి వస్తే ప్యాకింగు చిరగకుండా కవర్‌తో పాటే లేచి రావాలి కదా. అంటించిన కవర్‌ని కడపబండ మీద బోర్లించి, పైన నాయనమ్మ రోటి పొత్రం బరువు పెట్టి రాత్రంతా వదిలేశారు. పొత్రం ఇవ్వడానికి నాయనమ్మ ఒక షరతు పెట్టింది, ఆయిల్ చేతులతో ముట్టుకోకూడదు. ఆవిడే మోసుకొచ్చి ఆవిడే పెట్టింది. మర్నాడు అదే రోట్లో గోంగూర పచ్చడి నూరింది కూడా.

టాపెట్ కవర్‌ని పట్టుకునేవి రెండే నట్లు, వాటి కింద రబ్బరు బుష్షులు. ఆ రబ్బరు గట్టిపడితే ఆయిల్ స్టడ్డు వెంటే పైకి పాకుతుంది. వాటినీ మార్చారు. బిగించేటప్పుడు పానాని కొసన కాకుండా తల దగ్గర పట్టుకున్నారు, బలం ఎక్కువ పడకుండా. కార్కు అంచు కొంచెం ఉబికి కనబడగానే ఆపేశారు. నాన్న అక్కణ్ణుంచే "ఇంకొంచెం బిగించండి" అన్నారు. మేస్త్రీగారు ఆయన వైపు చూశారు. నాన్న పేపరు తిప్పారు.

ఆ సాయంత్రం మళ్ళీ దుగ్గిరాల, మళ్ళీ టార్చి. వేడి మీద నట్లని ఒకసారి చూసుకున్నారు. పౌడరు తెల్లగానే ఉంది. ఆయిల్ మూత తీసి చెయ్యి పెడితే ఒత్తిడి దాదాపు లేదు, కింద బ్రీదర్ కొస దగ్గర సన్నగా వేడి ఊపిరి తగులుతోంది.

చుక్క పూర్తిగా మాత్రం పోలేదు. దూరం వెళ్ళొచ్చి, బండిని ముక్కు పైకి ఉండేలా వాలులో నిలబెడితే, తెల్లారేసరికి పిన్ను కొసన ఒకటో రెండో చుక్కలు ఉండేవి. ఇంజను ఆగాక మర తిరగదు కదా, అక్కడ మిగిలిన ఆయిల్ జారుతుంది. దీన్నేం చెయ్యాలని నాన్న అడిగితే, "దీన్ని ఇలా వదిలెయ్యాలండీ" అన్నారు మేస్త్రీగారు. దాన్ని కూడా ఆపాలంటే ఇంజను దించాల్సిందే, దించినా ఆ మరగాడి మళ్ళీ అదే పని చేస్తుంది. నాన్నకి ఆ జవాబు నచ్చింది. నాయనమ్మకి నచ్చలేదు. చివరికి రాజీ ఏమిటంటే, బండిని వాకిలి పక్కన సమంగా ఉన్న చోట పెట్టడం, కింద ఇసక పోసిన రేకు పళ్ళెం పెట్టడం. ఆ సంక్రాంతికి రథం ముగ్గు మచ్చ లేకుండా కుదిరింది. ఆయన తీసుకున్న డబ్బులు గ్యారేజీ వాళ్ళు చెప్పిన అంకెలో పదో వంతు కూడా ఉండవు. అమ్మ కిరసనాయిలు బాకీ మాత్రం నాన్న ఎప్పుడూ తీర్చలేదు.

నాన్న పోయి చాలాకాలమైంది. మేస్త్రీగారూ లేరు. బండి తెనాలి ఇంట్లోనే ఉంది, హైదరాబాదు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక పూట దానితో గడుపుతాను. తయారీ ఆగిపోయాక సామాన్లు దొరకడం కష్టమైంది. 2017లో అంబాసిడర్ పేరుని ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. పేరు కొన్నారు సరే, టాపెట్ కవర్ ప్యాకింగు ఎవరిస్తారని అప్పుడు అనుకున్నాను. ఎంజీ అభిమానుల పుణ్యమా అని బీ సిరీస్ ప్యాకింగులు కొన్ని ఇప్పటికీ బ్రిటన్లో తయారవుతున్నాయి. తెప్పించుకుంటే వస్తాయి, కొరియర్ ఖర్చు సామాను ఖర్చుని మించుతుంది, అంతే.

ఇప్పటి కుర్ర మెకానిక్కులు కార్కు జోలికి పోరు. సిలికాన్ ట్యూబు తీసి చుట్టూ దట్టంగా పిండేస్తారు. నాకది ఇష్టం ఉండదు. బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. లోపలిది తెగి ఛాంబర్‌లో పడి, ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే, అర లీటరు లీకు కోసం ఇంజనే పోగొట్టుకున్నట్టు. లీకు ఆపుతుందని డబ్బాల్లో అమ్మే మందులు కూడా అంతే, రబ్బరు సీళ్ళని కొంచెం ఉబ్బిస్తాయేమో గానీ మాడిపోయిన కార్కుని ఏం చేస్తాయి?

మొన్న వెళ్ళినప్పుడు బండి కింద కొత్త తడి ఒకటి చూశాను. ఇంజను కింద కాదు, వెనక యాక్సిల్ దగ్గర. వేలితో రాసి చూస్తే గంధకం కంపు. యాక్సిల్ పైన కూడా ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది, ముందు దాన్ని చూడాలి. అది తెరుచుకుని ఉంటే అప్పుడు సీలు సంగతి. కిరసనాయిలు ఇప్పుడు రేషన్లో దొరకదు, డీజిల్‌తో కడగాలి. అట్ట అయితే పరిచి వచ్చాను.